భద్రాచలమును కాచుచున్న మట్టికట్ట

భద్రాచలము పేరెరుగని తెలుగిల్లు మన మారిషస్ ద్వీపమున లేదు. రామభజనము జరుగు రాత్రి దీపము చుట్టు తిరుగుచు మనము పాడు పాటలలో రామదాసుగారి కీర్తనలు తప్పక వచ్చును. శ్రీరామనవమి నాడు మన మందిరములలో జరుగు కల్యాణమునకు భద్రాద్రి కల్యాణమే మాదిరి. అయినను ఆ కొండ క్రింద నొక ఊరున్నదనియు, ఆ ఊరు గోదావరి వరదలలో మునుగుచు తేలుచు వచ్చిన ఊరనియు, నేడు దానిని ఏటి నుండి కాచుచున్నది మనుష్యులు పోసిన యొక మట్టికట్ట యనియు మనలో తెలిసినవారు తక్కువ. యాత్రకు పోయి వచ్చినవారు గుడిని గూర్చి చెప్పుదురు, ముత్యాల తలంబ్రాలను గూర్చి చెప్పుదురు. కట్టను గూర్చి చెప్పరు. అందుచేత ఈ సంచికలో దాని చరిత్రను కొంత వ్రాయదలచితిని.

ముందుగా నది సంగతి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకమున పుట్టి 1465 కిలోమీటర్లు నడచి బంగాళాఖాతమున కలియును. మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన నేల మీద కురిసిన వాన ఈ యొక్క నదిలోనికే వచ్చును. మన ద్వీపము మొత్తము రెండువేల చదరపు కిలోమీటర్లకు మించదని తలచుకొన్నచో ఆ కొలత ఎంతటిదో తెలియగలదు. మహారాష్ట్రమున చాల దూరము గోదావరి సాధువు వంటిది. వేసవిలో అచ్చట ఇసుకయే గాని నీరు కానరాదు. కాళేశ్వరము వద్ద ప్రాణహిత వచ్చి కలియుటతో దాని స్వభావము మారిపోవును. ప్రాణహిత యనగా వార్ధా, వైన్‌గంగా, పెన్‌గంగ అను మూడు నదుల నీరు. దానికి దిగువన బస్తరు అడవుల నుండి ఇంద్రావతి దిగును. ఆపై చర్ల ప్రాంతమున తాలిపేరు. ఆషాఢ శ్రావణములలో ఇవన్నియు ఒక్కసారిగా పొంగినచో ఆ నీరంతయు భద్రాచలము ముందునుండి పోవలసినదే.

పై నుండి వచ్చు నీరు ఒక యెత్తు, దానిని క్రిందికి పోనీయక పట్టియుంచునది మరియొక యెత్తు. భద్రాచలమునకు దిగువన కూనవరము వద్ద శబరి వచ్చి కలియును. శబరి కూడ పొంగియున్నప్పుడు గోదావరి నీరు ముందుకు సాగక వెనుకకు ఎగదన్నును. ఆ పిమ్మట పాపికొండలు. రాజమహేంద్రవరము వద్ద రెండున్నర కిలోమీటర్లకు పైగా వెడల్పుతో పారు నది, ఈ కొండల నడుమ కొన్ని వందల గజముల సందులో దూరి పోవలెను. గరాటులో నూనె పోయునప్పుడు పోసిన వేగమునకు క్రింది రంధ్రము చాలనిచో నూనె పైకి లేచును గదా! భద్రాచలము ఆ గరాటు నోటి యొద్ద నున్నది. అచ్చట వాన చినుకు పడకున్నను, ఎండ కాయుచున్నను, ఏరు నిమిష నిమిషమునకు పెరుగుచుండుట దీనివలననే.

గోదావరికి గట్లు వేయుట క్రొత్త పని కాదు. పాపికొండలు దాటిన పిమ్మట సముద్రము వరకు గల దిగువ దేశము, మన పూర్వికులలో అనేకులు బయలుదేరిన దేశము. గౌతమీ పాయ సముద్రమున కలియు చోట కోరంగి రేవుండెడిది. ఆ రేవు పేరు మీదనే తెలుగువారిని ఈ దీవిలో చాలకాలము కోరంగీలని పిలిచిరి. 1833 ప్రాంతమున ఆ సీమ నీరు లేక కరవున మాడినది. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవును తుడిచిపెట్టినది. కరవు నాడు నీరు లేక చచ్చిరి, ఉప్పెన నాడు నీటిలో చచ్చిరి. కూలి ఒప్పందముపై ఓడలెక్కుటకు మనవారిని త్రోసిన కష్టములలో ఇవియు కలవని చెప్పుట తప్పు కాదు. తరువాత సర్ ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట మొదలుపెట్టి 1852లో ముగించెను. ఆనకట్టను అందరును తలతురు గాని, దానితోపాటు పాయల వెంబడి పోయబడిన ఏటిగట్లను తలచువారు అరుదు. ఏటిగట్లు లేనిచో కాలువలు ఒక్క పెద్ద వరదకే పూడిపోయెడివి, పంట చేలు ఏటిపాలయ్యెడివి. అయితే గట్టుకు ఏటివైపున కొన్ని ఊళ్లు మిగిలిపోయినవి. అవి నది నడుమ మేట వేసిన దిబ్బల మీద పెరిగిన ఊళ్లు, వానిని లంకలందురు. ఆ సీమలో లంక యనగా ఏటిలోని దీవి. లంకవారు నేటికిని పెద్ద వరదలకు పశువులను తోలుకొని, మూటలు కట్టుకొని పడవ లెక్కుచున్నారు. గట్టు ఎవరిని కాచును, ఎవరిని విడుచును అను ప్రశ్న కాటను దొర నాటి నుండి ఉన్నదే.

పాపికొండలకు ఎగువనున్న భద్రాచలమునకు అట్టి పెద్ద కట్ట చాలకాలము లేదు. కంచర్ల గోపన్నగారు పాల్వంచ తహసీల్దారుగా నుండి, 17వ శతాబ్దమున ప్రభుత్వపు సొమ్ముతో గుడి కట్టించి, తానీషా కాలమున గోలకొండ చెరసాల పాలైన కథ మన పిల్లలకు కూడ తెలియును. ఆ గుడిని కొండ మీద కట్టిరి. అది భక్తితో చేసిన పనియే గావచ్చును, కాని ఏటి గుణ మెరిగిన పని కూడ. అప్పటి ఊరు చిన్నది. నీరు వచ్చినచో ఎక్కుటకు కొండ యుండెను.

తరువాత ఊరు పెరిగినది. ఆ తాలూకా 1860లో నిజాము నుండి ఇంగ్లీషువారి చేతికి వచ్చి మద్రాసు రాజధానిలో చేరినది. స్వాతంత్ర్యానంతరము 1959లో ఖమ్మము జిల్లాలో కలుపబడినది. 1965లో గోదావరి మీద వంతెన తెరువబడినది. వంతెనతో బస్సులు వచ్చినవి, బస్సులతో యాత్రికులు, యాత్రికులతో సత్రములు, హోటళ్లు, కొబ్బరికాయల దుకాణములు, ఆ దుకాణములలో పనిచేయువారి ఇండ్లు. ఇన్ని ఇండ్లు కొండ మీదికి ఎక్కజాలవు గనుక పల్లమునకు దిగినవి. అగ్గువగా దొరకు నేల ఎప్పుడును పల్లపు నేలయే.

వరదను అచ్చట అడుగులలో చెప్పుదురు. నీటి మట్టము 43 అడుగులకు చేరినచో మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది. ఈ అడుగులు వీధిలోని నీటి లోతు కాదని పాఠకులు గ్రహింపవలెను. అవి ఏటి యొద్ద నాటిన కొలబద్ద మీది అడుగులు. మొదటి హెచ్చరిక నాటికి స్నానఘట్టముల మెట్లు మునిగియుండును. మూడవ హెచ్చరిక నాటికి చుట్టుపట్ల రహదారులు తెగి ఎన్నో పల్లెలకు రాకపోకలు నిలిచిపోవును.

1986 ఆగస్టు 16వ తేదీన ఆ కొలబద్ద మీద నీరు 75.6 అడుగులకు లేచినది. సముద్ర మట్టము నుండి లెక్కించినచో అది 55.66 మీటర్లు. రమారమి 27 లక్షల క్యూసెక్కుల నీరు, అనగా సెకనుకు 27 లక్షల ఘనపుటడుగుల నీరు, భద్రాచలము ముందు ప్రవహించినది. మూడవ హెచ్చరికకు మీద మరి 22 అడుగులకు పైగా! కొండ మీది స్వామి సురక్షితముగా నుండెను గాని కొండ క్రింది ఊరు ఏటిలో కలిసిపోయినది. ఆ నీరే దిగువకు పోయి ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులై, పలుచోట్ల ఏటిగట్లకు గండ్లు కొట్టి గోదావరి జిల్లాలను ముంచినది. నాలుగేండ్లకు, 1990 ఆగస్టులో, భద్రాచలమున నీరు మరల 70.8 అడుగులకు వచ్చినది. ఇంత తొందరగా రెండవమారు వచ్చిన పిమ్మట, అది వందేండ్ల కొక్కమారు వచ్చు విపత్తని చెప్పి ఊరకుండుటకు వీలు లేకపోయినది.

1995 మొదలు 2004 వరకు సాగిన చంద్రబాబునాయుడుగారి ప్రభుత్వ కాలమున పట్టణమునకు కరకట్ట పోయబడినది. కరకట్ట యనగా చూచుటకు పెద్ద వింత యేమియు లేదు. వెడల్పైన మట్టిదిబ్బ, ఏటివైపున కోత పడకుండ రాతి పరుపు, పైన మనుష్యులు నడచుటకు, బండ్లు పోవుటకు దారి. కాని దాని లోపలి పని తెలిసికొనదగినది. నీరు మట్టిలో ఊరుచుండును. వరద రెండు మూడు దినములు నిలిచినచో కట్ట తడిసి బరువెక్కి మెత్తబడును. ఎలుక బొరియ గాని, పీత కన్నము గాని, కుళ్లిన చెట్టు వేరు గాని ఉన్నచోట మొదట తేట నీరు ఊట వలె కారును. తేట నీరు కారినంతవరకు భయము తక్కువ. ఆ నీరు బురదరంగుకు మారినచో లోపలి మట్టి కరగి వచ్చుచున్నదని అర్థము. వెంటనే ఇసుక మూటలు చుట్టు పేర్చి ఆ ఊటను అదుపు చేయకున్న గండి పడును. అందుచేతనే వరద రాత్రులలో లాంతర్లు పట్టుకొని గట్టు మీద కాపలా తిరుగుట గోదావరి సీమలో పాత ఆచారము. లాంతర్లు పోయి టార్చిలైట్లు వచ్చినవి గాని కాపలా పోలేదు. కట్ట యొకసారి పోసి మరచిపోవు వస్తువు కాదు. ఇంటి కప్పు వలె దానిని ఏటేట చూచుకొనవలెను.

కట్టకు అసలైన పరీక్ష 2022 జూలైలో వచ్చినది. మామూలుగా గోదావరి పెద్ద వరద శ్రావణ భాద్రపదములది; ఆ యేడు ఆషాఢముననే వచ్చినది. మహారాష్ట్రమునను, తెలంగాణమునను, ఛత్తీస్‌గఢ్‌నందును వానలు ఒకేసారి కురిసినవి. నీరు మూడు హెచ్చరికలను దాటి, 60 అడుగులు దాటి, ఇంకను పెరుగుచునే యుండెను. వంతెన మీద రాకపోకలు ఆపివేసిరి. పల్లపు వీధులవారిని, నదీతీర గ్రామములవారిని వేలకొలదిగా శిబిరములకు తరలించిరి. సైన్యము కూడ వచ్చినది. జూలై 16వ తేదీ తెల్లవారు జామున మట్టము 71.3 అడుగులకు చేరి అచ్చట నిలిచినది. 1986 తరువాత అంత నీరు మరెన్నడును రాలేదు.

కట్ట నిలిచినది. నీరు దాని మీదుగా పొర్లలేదు, గండి పడలేదు. ఆ కట్టయే లేకున్నచో 1990లో జరిగినట్లే ఊరంతయు మునిగియుండెడిది, పైగా 1990 నాటి కంటె 2022 నాటి ఊరు చాల పెద్దది. ఇంతవరకు కట్ట పోసినవారిని మెచ్చుకొనవలసినదే. మెచ్చుకొనుటకు ఆ యేడు పెద్దలు చాలమంది అచ్చటికి వచ్చిరి కూడ. అయినను ఆ దినములలో భద్రాచలమున ఇండ్లు మునిగినవి. రామాలయము పడమటి వైపునను, నిత్యాన్నదాన సత్రము ప్రాంతమునను నీరు నిలిచినది. పట్టణములోని కొన్ని కాలనీలవారు ఇండ్లు విడిచి పోవలసి వచ్చినది. కట్ట తెగలేదు గదా, నీరెక్కడి నుండి వచ్చినది?

ఇదియే ఈ చరిత్రలో నేను పాఠకులకు ముఖ్యముగా చెప్పదలచిన విషయము. ఊరిలో పడిన వాన, ఊరి మురుగు, ఇవన్నియు మామూలు దినములలో పల్లమునకు పారి తూముల ద్వారా కట్ట క్రిందుగా ఏటిలోనికి పోవును. ఏరు తూము కంటె ఎత్తునకు లేచినప్పుడు ఆ తూములే శత్రువుకు తలుపులగును. ఏటి నీరు వాటిలో నుండి ఊరిలోనికి రాగలదు. కనుక తూముల షట్టర్లు దించివేయుదురు. దించినచో లోపలి నీటికి పోవు దారి లేదు. కట్ట ఏటిని బయట నిలిపినట్లే వాననీటిని లోపల బంధించును. పళ్లెమునకు అంచు ఎంత ఎత్తైన పళ్లెములో నీరు అంత నిలుచును గదా! అప్పుడు మోటార్లు పెట్టి ఆ నీటిని కట్ట మీదుగా ఏటిలోనికి తోడిపోయుట యొక్కటే దారి. మోటార్లు చాలకున్నను, షట్టరు తుప్పు పట్టి సరిగా దిగక నీరు కారినను, మురుగు కాలువలు చెత్తతో పూడియున్నను, కట్ట ఎంత గట్టిదైనను పల్లపు ఇల్లు మునుగును. భద్రాచలమున 2022 కంటె చిన్న వరదలలో కూడ, ఏరు కట్టకు చాల దిగువన నుండగనే, గుడి ముంగిట వీధులలో మోకాటి లోతు నీరు నిలుచుట దీనివలననే. పెద్ద కట్టకు కోట్లు ఖర్చు పెట్టుటకు ప్రభుత్వములు ముందుకు వచ్చును, శంకుస్థాపన ఫలకమును పెట్టును. తూమునకు గ్రీజు పూయుటకు, కాలువలో పూడిక తీయుటకు ఫలకమెవరును పెట్టరు.

ఈ విషయము మనకు దూరపు సంగతి యని అనుకొనరాదు. 2013 మార్చి 30వ తేదీన మన పోర్ట్ లూయిస్‌లో రెండు గంటలలోపుననే 150 మిల్లీమీటర్లకు పైగా వాన పడి 11 మంది ప్రాణములు పోయినవి. అచ్చట గోదావరి లేదు, కరకట్టయు లేదు. ఊరిలో పడిన నీరు పోవుటకు దారి చాలకపోవుటయే అచ్చటను కారణము. మన ద్వీపపు నదులు కొండ దిగి కొన్ని గంటలలో సముద్రమున చేరునవి. వరద వచ్చినంత త్వరగానే పోవును. గోదావరి వరద దినముల తరబడి నిలుచును. అంత కాలము తూములు మూసి ఉంచవలసి వచ్చుటయే భద్రాచలపు కష్టము.

ఇక కట్టకు వెలుపలి వారి సంగతి. పట్టణమునకు ఎగువను దిగువను, ఎదుటి యొడ్డునను కట్ట లేని పల్లెలు చాల కలవు. బూర్గంపాడు, చర్ల, దుమ్ముగూడెము, దిగువన కూనవరము, వరరామచంద్రపురము ప్రాంతముల పల్లెలు ఎన్నో ప్రతి పెద్ద వరదకు మునుగును. వాటిలో చాలభాగము కోయవారి ఊళ్లు. పర్ణశాల యొద్ద సీతమ్మవారు నారచీరెలు ఆరవేసినదని యాత్రికులకు చూపు స్థలము కూడ ఏటేట నీటిలోనికి పోవుచున్నది. పత్రికలలో భద్రాచలము సురక్షితమని వ్రాసిన దినముననే ఈ పల్లెలవారు గుట్టల మీద టార్పాలిన్ల క్రింద కూర్చుండిరి.

పైగా 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు పోలవరము ప్రాజెక్టు నిమిత్తము ఏడు మండలములను ఆంధ్రప్రదేశ్‌లో కలిపిరి. భద్రాచలము పట్టణము మాత్రము తెలంగాణమున నిలిచినది. పట్టణపు హద్దు దాటి ఎటపాకలో అడుగు పెట్టినచో వేరొక రాష్ట్రము. స్వామివారి భూములు 800 ఎకరములకు పైగా ఆంధ్రప్రదేశ్‌లోని పురుషోత్తపట్నమున నున్నవి. నీటికి ఈ హద్దు తెలియదు. కట్టను పొడిగించి ఊరిని చక్కగా చుట్టవలెనన్నచో ఇరు ప్రభుత్వములును ఒక మాట మీదికి రావలెను. 2022 వరద తరువాత తెలంగాణ మంత్రి ఎటపాక మొదలగు ఐదు గ్రామములను తిరిగి ఇమ్మని అడిగెను. పోలవరము వద్ద నీరు నిలిచి భద్రాచలము వరకు ఎగదన్నుచున్నదనియు చెప్పెను. ఆంధ్రప్రదేశ్ మంత్రులు రెండు మాటలను ఒప్పుకొనలేదు. అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు జూలై 17వ తేదీన భద్రాచలము వచ్చి, వంతెన మీద గోదావరికి పూజ చేసి, శాశ్వత రక్షణకై 1000 కోట్ల రూపాయలు ఇత్తుమనియు, పల్లపువారికి మెరక నేలను కాలనీ కట్టింతుమనియు ప్రకటించెను. నా మట్టుకు ఆ రెండవ మాటయే మేలైనదిగా తోచినది. కట్టను ఎంత ఎత్తు చేసినను దానిని మించు నీరు ఏనాడైన రావచ్చును; మెరకకు చేరిన కుటుంబమునకు ఆ భయముండదు. అయితే ఆ మరుసటి యేడే ఎన్నికలలో ప్రభుత్వము మారినది. పల్లపు వీధులలో జనులు నేటికిని కాపురముండుచునే యున్నారు.

మన ద్వీపము నుండి భద్రాచల యాత్రకు పోవువారు చాలమంది శ్రీరామనవమి నాటికి పోవుదురు. చైత్రమున గోదావరి సన్నగిల్లి ఒక ప్రక్కగా పారుచుండును; తక్కిన భాగమంతయు ఇసుక. స్నానమునకు దిగువారు చాల మెట్లు దిగవలెను. తల త్రిప్పి వెనుకకు చూచినచో కరకట్ట కొండ వలె కనబడును, ఇంత కట్ట యెందుకని తోచును. స్నానము చేసి తిరిగి వచ్చునప్పుడు ఆ మెట్లను లెక్కించుచు ఎక్కి, కట్ట పైన నిలిచి ఊరివైపు చూడుడు. వీధులు, ఇండ్ల కప్పులు మీ పాదములకు ఎంత దిగువన నున్నవో కనబడును. కట్ట మొదట తూముల నోళ్లు, వాటి పైన షట్టర్లు త్రిప్పు ఇనుప చక్రములు ఉండును. చక్రమునకు క్రొత్తగా గ్రీజు పూసియున్నదో, తుప్పు పట్టియున్నదో చూచి వచ్చి మాకు చెప్పవలెను.